రిగ్గు పంపిన కోడలు

ఆ రోజు పొద్దున శేషన్న పెట్టుకున్న పని ఒక్కటే. ఇంత ఉగ్గాని తిని, చేనికి పోయి, భీమన్న బోరు నుంచి తన మిరపకు నీళ్ళు కట్టుకుని రావడం. పెద్దకడుబూరు పొలిమేరలో అతనికున్న రెండెకరాల్లో మిరప రెండో కాపు మీద ఉంది. కాయ దిగి రంగు తిరిగే సమయం. ఇంకో నాలుగు తడులు అందితే సరుకు బ్యాడిగి మార్కెట్టుకు పోతుంది. అందకపోతే చెట్టు మీదే తాలు అయిపోతుంది.

అతని సొంత బోరు దసరా నాటికి గాలి కక్కడం మొదలుపెట్టింది. దీపావళికి ఆ గాలి కూడా మానేసింది. అప్పటి నుంచి గట్టు అవతల భీమన్న బోరే దిక్కు. ఒకే బడిలో ఒకే అయ్యవారి చేత దెబ్బలు తిన్న స్నేహం కాబట్టి భీమన్న నీళ్ళకు ఏమీ పుచ్చుకోడు. ఒక నల్ల పైపు గట్టు మీదుగా ఇటు వేసి, రోజు మార్చి రోజు తడి ఇస్తాడు. కాకపోతే టీ బంకు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు ఒక మాట అంటాడు.

"ఏమప్పా శేషా, నా నీళ్ళు తాగి నీ కాయలు ఎర్రగా ఉండాయి. నా కాయలు అది చూసి ఏడుస్తాండాయి."

నలుగురూ నవ్వుతారు. శేషన్న కూడా నవ్వుతాడు. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా అతనికి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంటుంది.

ఉగ్గానికి ఇంకా బొరుగులు నానబెడుతున్నారని తెలిసి, శేషన్న పంచలో చెప్పుల కోసం వెతుక్కుంటుండగా కోడలి గదిలో నుంచి మాటలు వినిపించాయి. శ్వేత ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది.

"రిగ్గు అయిపోయింది రవీ. రేపు పొద్దున్నే దిగుతుంది, నువ్వు టెన్షన్ పడొద్దు. లోతు సాలలేదన్నారు కదా, పెంచినా. కింద రాయి గట్టిగానే ఉంది, ఏం కాదు. ముందు రిగ్గు దిగితే నీళ్ళ సంగతి నీళ్ళోళ్ళు చూసుకుంటారు. కానీ తడి కనపడాల. తడి లేకుంటే ఎవురూ నమ్మరు."

శేషన్న ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

శ్వేత ఆదోని పిల్ల. హైదరాబాదులో సినిమాలకు కంప్యూటరు బొమ్మలు చేసే కంపెనీలో ఉద్యోగం. పెళ్ళయ్యాక ఇంటి నుంచే చేస్తోంది. ఇప్పుడు చేస్తున్నది ఏదో వేరే గ్రహం మీద జరిగే సినిమా. నీళ్ళు ఇంకిపోయిన ఆ గ్రహం మీద ఎనిమిది కాళ్ళ జంతువు ఒకటి నీళ్ళను వెతుక్కుంటూ పోతుంది. అది బొమ్మ అని ఎవరికీ అనుమానం రాకూడదని దర్శకుడి పట్టుదల. ఆ జంతువు లోపల ఎముకలు, కీళ్ళు, కండలు అమర్చి, కాలు ఎత్తమంటే ఎత్తేలా తయారు చేయడం శ్వేత పని. ఆ అమరికను వాళ్ళ పనిలో రిగ్గు అంటారు. ఆమె చెప్పిన లోతు దృశ్యంలో దూరానికి సంబంధించినది. రాయి జంతువు నడిచే నేల. తడి దాని కంట్లో ఉండాల్సిన తడి. నీళ్ళు చేసే వాళ్ళు వేరే ఉన్నారు.

పడమటి కర్నూలు పల్లెల్లో మాత్రం రిగ్గు అంటే ఒకటే. బోరు వేసే లారీ.

శేషన్న వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "కోడలు రిగ్గు పిలిపిస్తాంది."

సుభద్రమ్మ బొరుగులు పిండుతూ, "ఏ రిగ్గు?" అంది.

"ఎన్ని రిగ్గులుంటాయే. బోరు రిగ్గు. రేపు పొద్దున దిగుతాదంట. లోతు కూడా పెంచమని సెప్పిందంట."

"నీ చెవులు నీళ్ళు, నీళ్ళు అని కొట్టుకుంటాండాయి. పొయ్యి ఆ పిల్లనే అడుగు."

అదే జరగని పని. శేషన్న కోడలితో నేరుగా మాట్లాడడు. కోపమేమీ కాదు, ఆ ఇంటి పద్ధతి. అతని తండ్రీ మాట్లాడలేదు, తాతా మాట్లాడలేదు. నీళ్ళ చెంబు కావాలంటే గోడకేసి చూసి దగ్గుతాడు. శ్వేత ఆ దగ్గుల్లో చెంబు దగ్గు, కాఫీ దగ్గు వేరు చేసి గుర్తు పట్టడం నేర్చుకుంది.

"మనకు సెప్పకుండా చేస్తాందంటే సెప్పగూడదనే కదా. నువ్వు అడుగు. నేను అడగమన్నట్ల అడగాకు," అన్నాడు.

సుభద్రమ్మ ఉగ్గాని గిన్నె పట్టుకుని కోడలి గది గడప దగ్గర నిలబడింది. "ఏమో రిగ్గు అంటివంట కదమ్మా, మీ మామ ఇన్యాడు."

శ్వేత కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగింది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి తన పని గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. చుట్టాలు వస్తే అత్తగారు 'కంప్యూటర్లో బొమ్మలు ఆడిస్తాది' అని చెప్పేది. ఆ మాట ఆమె నోట ఉద్యోగంలా వినిపించేది కాదు.

"అవునత్తా. మామకు అర్థమయిందా?"

"అర్థం కాకేమి. ఎన్ని రిగ్గులు సూసినాడు ఆయప్ప."

శ్వేతకు అది వేళాకోళంలా తోచింది గాని, సంతోషంలో పట్టించుకోలేదు. "నెల నుంచి ఇదే పని అత్తా. సాలదు, సాలదని ఎన్నిసార్లు తిప్పి పంపినారో. రేపు పొద్దున దిగకుంటే నా ఉద్యోగం ఉండదు."

"ఖర్చంతా నీదేనా?"

"నాదెందుకయితాది. కంపెనీ సూసుకుంటాది."

సుభద్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఇంత చిన్న ప్రశ్నకు, ఇంత చిన్న జవాబుకు అత్త కళ్ళు చెమర్చడం చూసి శ్వేత కళ్ళూ చెమర్చాయి. ఆ పూట అత్తా కోడళ్ళిద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నామనుకున్నారు.

శేషన్నకు ఇంకా కొంచెం అనుమానం మిగిలింది. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే కొడుకు ధనుంజయకు ఫోను చేశాడు. అవతల యంత్రాల హోరు.

"ఏమప్పా, నీ పెండ్లాము రిగ్గు రిగ్గు అంటాంది, నిజమేనా?"

"నిజమే నాయనా. దాని ఉద్యోగమే రిగ్గులు."

"ఉద్యోగమే రిగ్గులా?"

"ఆ, దాంట్లో అది పెద్ద ఎక్స్‌పర్టు. ఇనపడల్యా, మళ్ళీ చేస్తా." ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు.

ఇంక శేషన్నకు అనుమానం లేదు. ఉగ్గాని తిన్న చేయి కడుక్కున్నాడో లేదో, చేనికి బయలుదేరాడు. భీమన్న అప్పటికే మోటారు దగ్గర ఉన్నాడు.

"ఏమప్పా, లేటు చేసినావు. నీళ్ళు ఇడుద్దామా? నా కాయలు నీ కాయల కోసం ఎదురుచూస్తాండాయి."

రోజూ అనే మాటే. ఆ రోజు మాత్రం శేషన్న నవ్వలేదు. వంగి, గట్టు మీది పైపు ఊడదీసి, చుట్టలు చుట్టి, భుజాన వేసుకుని వచ్చి భీమన్న కాళ్ళ దగ్గర దించాడు.

"ఇంక నీ నీళ్ళు వద్దులే భీమా."

"ఏమయింది?"

"మాకు రిగ్గు వస్తాంది రేపు. కోడలు పంపిస్తాంది. ఇన్నాళ్ళు నీ నీళ్ళు తాగినామని ఊరంతా ఇన్నారు. ఇంక నువ్వు ఇంకో కత ఎదుక్కో."

భీమన్న పైపు వైపు చూశాడు, స్నేహితుడి వైపు చూశాడు. "నవ్వులాటకు అన్న్యాను గదప్పా," అన్నాడు నెమ్మదిగా.

శేషన్న చెయ్యి ఒక్క క్షణం పైపు మీదికి పోయింది. పైపు తిరిగి భుజానికెత్తుకుని ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. కానీ నెలల తరబడి దాచిపెట్టుకున్న మాట, ఒకసారి బయటికి వచ్చాక దానికి తోక కూడా వచ్చింది.

"మామూలు లోతు కాదంట. వెయ్యి అడుగులకు తగ్గేది ల్యా. రాయి ఎంత గట్టిగా ఉన్నా దిగుతాదంట."

"యాడ ఏస్తావు?"

"ఈడే. గట్టు పక్కన."

భీమన్న మొహంలో రంగు మారింది. అతని బోరు మూడు వందల అడుగులది. పక్కనే వెయ్యి అడుగులు దిగితే పై బోరు గతి ఏమవుతుందో ఆ వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అతను మోటారు ఆపి, బండి తీసుకుని ఎమ్మిగనూరు రోడ్డు పట్టాడు. శేషన్న అది చూసి, కుళ్ళుకుని పోతున్నాడనుకున్నాడు.

లారీ లోపలికి రావాలంటే దారి కావాలి. శేషన్న కంచె కంప కొట్టేశాడు. లారీ నిలబడాలంటే చోటు కావాలి. గట్టు వార కాయలతో ఉన్న మిరప సాళ్ళు పీకడం మొదలుపెట్టాడు. సద్ది తెచ్చిన సుభద్రమ్మ అది చూసి మూట కింద పెట్టేసి, పీకిన చెట్ల నుంచి పచ్చికాయలు కొంగులోకి ఏరుకుంది.

"రిగ్గు రానీ, తర్వాత పీకుదువు."

"వచ్చినాక పీకుతాంటే డ్రైవరు నిలబడతాడా? గంట గంటకు లెక్క వాళ్ళకు."

సాయంత్రానికి టీ బంకు దగ్గర వార్త ఇంకొంచెం పెరిగింది. శేషన్న కోడలు రిగ్గుల కంపెనీలో పెద్ద ఆఫీసరు. ఇంట్లో కూచుని ఏ లారీ ఏ ఊరికి పోవాలో కంప్యూటర్లో చెబుతుంది. దీపాలు పెట్టే వేళకు హులిగమ్మ అరటిపండ్ల హస్తం పట్టుకుని ఇంటికి వచ్చింది. గోనెగండ్ల వైపు ఆమెకు ఎకరం పొలముంది, నీళ్ళు లేవు.

"సుభద్రక్కా, మీ కోడలితో ఒక మాట సెప్పు. మీ చేను అయిపోయినాక ఆ రిగ్గు మా దిక్కు తిప్పమను."

"కోడలు మీటింగులో ఉందమ్మా. నేను సెప్తాలే," అంది సుభద్రమ్మ, మీటింగు అనే మాటను మొదటిసారి వాడుతూ. హులిగమ్మ పోయాక అరటిపండ్లు దేవుడి గూట్లో పెట్టి, ఒకటి కోడలికి ఇచ్చింది. శ్వేత తెర మీద నుంచి చూపు తిప్పకుండా తినేసింది.

మర్నాడు తెల్లవారగానే శేషన్న ఉతికిన పంచె కట్టి, టెంకాయ, పసుపు కుంకుమ, ఊదొత్తులు పట్టుకుని భార్యతో చేను మొగదల నిలబడ్డాడు. శ్వేతను లేపుదామని సుభద్రమ్మ అంటే, పాపం, రాత్రంతా ఆ పనే చేసింది, పండుకోనియ్యి అన్నాడు.

దూరంగా హోరు వినిపించింది. ఎమ్మిగనూరు రోడ్డు మీద నుంచి రిగ్గు లారీ ఒళ్ళంతా ఇనుముతో, దుమ్ము లేపుకుంటూ నిజంగానే వచ్చింది. సుభద్రమ్మ చేతులు జోడించింది. అంతవరకూ ఆమెకు కూడా పూర్తి నమ్మకం లేదు.

లారీ వాళ్ళను దాటుకుని, కంప కొట్టిన దారిని పట్టించుకోకుండా, భీమన్న చేలోకి తిరిగింది.

"ఓయ్, ఆడ కాదు. ఈడ, ఈడ," అంటూ శేషన్న టెంకాయతో లారీ వెనక పరుగెత్తాడు. "ఇది మా రిగ్గు."

లారీ ముందు బండి మీద దారి చూపిస్తున్న భీమన్న దిగాడు. "మీ రిగ్గు ఎట్లయితాది? నేను పిలిపిచ్చుకున్యా. నిన్న పొయ్యి బతిమాలి మొదటి నంబరు రాయించుకుంటి."

"నీకు బోరు ఉండగా నీకెందుకు?"

"నువ్వు వెయ్యి అడుగులు పోతే నా బోరుకు ఏం మిగులుతాది? నీకంటే ముందు నేను దిగకపోతే రేపు నీ దగ్గర పైపు పట్టుకుని నిలబడాల. నువ్వు ఏమంటావో నాకు ఇప్పుడే తెలుసు."

"ఇది మా కోడలు పంపినది. డ్రైవరును అడుగు."

కిటికీలో నుంచి డ్రైవరు తల బయట పెట్టాడు. "ఎవరు పంపినా సరే సార్, గుర్తు రాయి ఎక్కడ పెట్టారు, గుంత ఎక్కడ తీయాలి, అది చెప్పండి."

ఎవరో పోయి శ్వేతను లేపి తెచ్చారు. నిద్రలేమితో ఎర్రబడిన కళ్ళతో, చున్నీ సర్దుకుంటూ వచ్చింది. చేను మొగదల అప్పటికే చిన్న సంత. హులిగమ్మ కూడా వచ్చింది.

సుభద్రమ్మ అడిగింది. "అమ్మా, నువ్వు పంపిన రిగ్గు ఇదేనా, కాదా, సెప్పు."

"నేను పంపినది పోయిందత్తా. తెల్లారే పంపించేసినా."

"యాడికి?"

"హైదరాబాదుకు."

 డ్రైవరు తనకు మాత్రమే వినపడేలా, "హైదరాబాదులో నీళ్ళు లేవా," అన్నాడు.

శ్వేతకు మెల్లమెల్లగా అర్థమయింది. లారీ వైపు, కొట్టేసిన కంప వైపు, పీకిన మిరప సాళ్ళ వైపు, మామగారి చేతిలోని టెంకాయ వైపు చూసింది. ఫోను తీసి అత్తగారి ముందు పెట్టింది. అందరూ మూగారు. పగిలిన నేల మీద ఎనిమిది కాళ్ళ జంతువు ఒకటి భుజాలు కదిలించుకుంటూ నడుస్తోంది. చర్మం మీద ముడతలు, మోకాళ్ళ దగ్గర రాపిడికి అరిగిన వెంట్రుకలు. ఒకచోట ఆగి, తల తిప్పి, చూసేవాళ్ళ కళ్ళలోకి చూసింది. దాని కంట్లో సన్నటి తడి.

"ఇది యాడ పుట్టింది?" అంది హులిగమ్మ.

"ఇది నిజంగా లేదు పిన్నీ. బొమ్మ. దీని లోపలి ఎముకలను మేము రిగ్గు అంటాం."

డ్రైవరు గట్టిగా నవ్వాడు. నవ్వింది అతనొక్కడే. శేషన్న టెంకాయను ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. హులిగమ్మ అరటిపండ్ల సంగతి ఎత్తకుండా వెళ్ళిపోయింది.

భీమన్న తల గోక్కుని లారీ వైపు తిరిగాడు. "ఇంక నాకు మాత్రం ఎందుకు? తిప్పుకుని పో అప్పా."

అక్కడ శేషన్న చేసిన పని ఒకటుంది. తర్వాత ఎంత కాలం తలుచుకున్నా అతనికి దాని మీద నుంచి మనసు తీయడం కుదరలేదు. సిగ్గుతో, ఏదో ఒక మంచి మాట అనాలన్న తొందరతో, ముందుకు వచ్చి స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చిన రిగ్గును ఎందుకు పంపడం భీమా? ఎయ్యి. లోతుకు పోతే నీళ్ళు ఇంకా వస్తాయి. నీకుంటే నాకున్నట్లే గదా. ఇదో, టెంకాయ కూడా ఉంది."

నిన్న పైపు తెచ్చి పారేసిన మనిషి చెయ్యి పట్టుకుంటే భీమన్న కాదనలేకపోయాడు. పాత బోరుకు పది బారల దూరంలో టెంకాయ కొట్టారు. కొట్టింది శేషన్నే.

రిగ్గు దిగింది. ముందు ఎర్రమన్ను, తర్వాత బూడిదరంగు, తర్వాత తెల్లటి రాతి దుమ్ము పైకి లేచింది. పక్కవాటుగా పడుతున్న ఎండలో ఆ దుమ్ము పొరలు పొరలుగా విప్పారి, గాలికి ఒరిగి, ఎర్రటి కాయల మీద మెత్తగా దిగుతోంది. శ్వేత తెలియకుండానే ఫోను ఎత్తింది. సినిమాలో ఆ గ్రహం దుమ్ము కుదరడం లేదని కంపెనీలో నెల నుంచి కొట్టుకుంటున్నారు. ఇంత అందమైన దుమ్ము ఆమె ఎన్నడూ చూడలేదు.

చాలాసేపు తీశాక సుభద్రమ్మ ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. "ఇంక తియ్యాకమ్మా. దుమ్ము వస్తాందంటే నీళ్ళు లేనట్ల."

శ్వేత ఫోను దించి గట్టు మీది రాయికి ఆనించింది గాని, ఆపడం మరిచిపోయింది.

ఉన్న రాడ్లన్నీ దించారు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. డ్రైవరు ఇంజను ఆపాక, ఆ నిశ్శబ్దంలో పాత బోరు మోటారు వైపు నుంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. భీమన్న పరుగున పోయి స్విచ్చి వేశాడు. పైపు రెండుసార్లు ఎర్రటి బురద కక్కింది. ఆ పైన గాలి. మూడు వందల అడుగుల దగ్గర ఇన్నేళ్ళు నిలబడిన నీళ్ళు పక్కన పడిన కొత్త రంధ్రంలో నుంచి ఏ లోతుకు జారిపోయాయో ఎవరికీ తెలియదు.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఆ పైపు మూతిని చూస్తూ ఉండిపోయారు. ఏదో ఒకటి అంటాడేమోనని శేషన్న ఎదురుచూశాడు. ఇన్నాళ్ళూ కాయల మీద అన్న మాట అన్నా బాగుండుననుకున్నాడు.

ఎంతోసేపటికి భీమన్న అన్నాడు. "నీ రిగ్గే నయమప్పా. హైదరాబాదుకు పోయింది."

శేషన్న నవ్వబోయాడు గాని అది నవ్వులా రాలేదు.

మధ్యాహ్నం ఇంటి పంచలో కూర్చున్న శేషన్న దగ్గలేదు. నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టిన శ్వేత వెళ్ళిపోకుండా నిలబడింది. "తప్పయింది మామా. ఏ రిగ్గో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

ఆ ఇంట్లో మూడు తరాల్లో మొదటిసారి మామ కోడలి మొహం చూసి మాట్లాడాడు. "నీదేం తప్పుమ్మా. పక్క గదిలో ఉంటివి. నేను అడగల్యా." చెంబెత్తి నీళ్ళు తాగి, "ఆ గొడ్డును ఇంకోసారి సూపియ్యి," అన్నాడు.

ఆమె ఫోను ఇచ్చింది. శేషన్న రెండు చేతులా పట్టుకుని చూశాడు.

"నీళ్ళకేనా పోతాండేది?"

"అవును మామా."

"దొరుకుతాయా?"

"సినిమాలో దొరుకుతాయి."

"మంచిది," అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

శివరాత్రి నాటికి రెండు చేలలోనూ మిరప ఒకే రంగుకు వచ్చింది. తెల్లటి పొడి పట్టిన తాలు కాయలు. ఆదోని నుంచి నీళ్ళ ట్యాంకరు తెప్పిద్దామని ధనుంజయ ఆదివారం వచ్చినప్పుడు అన్నాడు గాని, ఏ చేనుకు ముందు పోయాలన్న ప్రశ్న ఎవరూ ఎత్తదలుచుకోలేదు. భీమన్న టీ బంకు దగ్గరికి రావడం తగ్గించాడు. వచ్చినా, శేషన్నకు జరిగి చోటిస్తాడు, మర్యాదగా పలకరిస్తాడు. ఆ మర్యాదే శేషన్నకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

శ్వేత ఆ వీడియోను చాలా రోజులు ఎవరికీ పంపలేదు. కానీ దుమ్ము కుదరక పని ఆగిపోయిందని, నీ దగ్గర ఏమైనా ఉంటే పంపమని కంపెనీ నుంచి రవికుమార్ రోజూ అడుగుతుంటే, ఒక సాయంత్రం చూసి నేర్చుకోవడానికని రాసి పంపేసింది. రాసిన మాట ఎక్కడో ఊడిపోయి, వీడియో మాత్రం మిగతా వాళ్ళు కంప్యూటర్లో చేసిన పనులతో కలిసి దర్శకుడి ముందుకు వెళ్ళింది.

రెండు రోజులకు జవాబు వచ్చింది. దుమ్ము అద్భుతంగా ఉందని, అచ్చం నిజం దుమ్ములాగే ఉందని, కాయల మీద పడే తీరు ఎవరు చేశారో గాని వాళ్ళకు అభినందనలు చెప్పమని దర్శకుడు రాశాడు. వెనక పైపు దగ్గర నిలబడిన ఇద్దరు ముసలివాళ్ళు మాత్రం ఏమాత్రం సహజంగా లేరని, అంత పోగొట్టుకున్న మనుషులు అలా ఊరికే నిలబడరని, వాళ్ళను మళ్ళీ చేయమన్నాడు.